కర్త ఎక్కడున్నాడు?

నిరుడు చలికాలంలో ఒక ఆదివారం మధ్యాహ్నం. బయట మంచు కురుస్తోంది. నేను డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చుని చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తున్నాను. ఎదురుగా మా అమ్మాయి ఎస్.ఎ.టి. నమూనా పరీక్ష రాసుకుంటోంది. లెక్కల్లో దానికి నా అవసరం ఎప్పుడో తీరిపోయింది. ఇంగ్లీషులో నా అవసరం ఎన్నడూ లేదు. అలాంటిది ఉన్నట్టుండి లాప్‌టాప్ నా వైపు తిప్పి, "నాన్నా, ఇది ఎందుకు తప్పు?" అని అడిగింది.

ప్రశ్న ఇంచుమించు ఇలా ఉంది: "ది బాక్స్ ఆఫ్ ఓల్డ్ లెటర్స్ ఫ్రమ్ మై కజిన్స్ - - - అండర్ ది బెడ్." ఖాళీలో పెట్టడానికి నాలుగు జవాబులు: ఆర్, వర్, హావ్ బీన్, ఈజ్. అది "ఆర్" పెట్టింది. ఈజ్ పెట్టాలిట.

"ఈజే కరెక్టు" అన్నాను.

"ఎందుకు?"

"అక్కడ ఆర్ రాదమ్మా, అంతే."

"లెక్కల్లో నన్ను 'అంతే' అననివ్వవుగా!" అంది.

నిజమే. పైగా, ఇది బయటికి చెప్పలేదు గానీ, జవాబు ముందే చూసి ఉండకపోతే నేనూ "ఆర్" అనే పెట్టేవాణ్ణి. ఇరవై ఏళ్ళకి పైగా ఈ దేశంలో ఇంగ్లీషులోనే బతుకుతున్నాను. ఇంజనీరింగు చదివినవాణ్ణి. అయినా కర్తకీ క్రియకీ పొత్తు కుదర్చడంలో ఇప్పటికీ కాలు జారుతూనే ఉంటుంది. మీలో చాలామందికి ఇది అనుభవమే అయ్యుంటుంది, బయటికి చెప్పుకోం గానీ.

నేను ప్రకాశం జిల్లాలో ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో పదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదువుకున్నాను. మా ఇంగ్లీషు మాస్టారు "హీ ప్లేస్, దే ప్లే" అని బల్ల మీద బెత్తంతో తాళం వేస్తూ వల్లె వేయించేవారు. మాకు అంతకు ముందే "బాయ్" అంటే ఒకడు, "బాయ్స్" అంటే చాలామంది, చివర "ఎస్" ఉంటే బహువచనం అని నేర్పారు. మరి చాలామంది ఆడుతుంటే క్రియకి కూడా "ఎస్" చేర్చాలి కదా? "బాయ్స్ ప్లేస్" అని రాశాను, దెబ్బలు తిన్నాను. పేరు చివర ఎస్ ఉంటే బహువచనం, క్రియ చివర ఎస్ ఉంటే ఏకవచనం అని ఒక్క ముక్క ఎవరైనా చెప్పి ఉంటే నా అరచేతులు బాగుపడేవి. మామూలు వాక్యంలో ఉండేది ఒక్క ఎస్సే. దాన్ని కర్త తీసుకుంటే క్రియకి మిగలదు, కర్త తీసుకోకపోతే క్రియకి దక్కుతుంది. "చిల్డ్రన్", "బస్" లాంటివి ఈ లెక్కకి లొంగవనుకోండి. అయినా ఇది పది వాక్యాల్లో తొమ్మిదిటికి పనికొస్తుంది.

2001లో అమెరికా రావడానికి టోఫెల్ రాశాను. ఆ రోజుల్లో దాంట్లో వ్యాకరణానికి విడిగా ఒక భాగం ఉండేది. 2005లో ఇంటర్నెట్ టోఫెల్ వచ్చాక ఆ భాగం తీసేశారు. ఎస్.ఎ.టి.లో మాత్రం సరిగ్గా ఆ 2005లోనే వ్యాకరణం ప్రశ్నలతో రైటింగ్ విభాగం కొత్తగా పెట్టారు. రూపం చాలాసార్లు మారింది. 2024 నుంచి ఈ దేశంలో పరీక్ష పూర్తిగా కంప్యూటరు మీదే. చదవడం, రాయడం కలిపి 54 ప్రశ్నలు, 64 నిమిషాలు. అంటే ప్రశ్నకి ఒక నిమిషం మీద కాస్త. అంత వ్యవధిలో వినసొంపుగా ఉన్న జవాబు పెడితే దొరికిపోతాం. ఎందుకంటే ప్రశ్న తయారుచేసినవాడు సరిగ్గా చెవిని మోసం చెయ్యడానికే కూర్చున్నాడు.

ఆ మోసం ఎలా జరుగుతుందో తెలుసుకోవడానికి నాకు ఆ ఆదివారం మొత్తం పట్టింది. తెలిశాక ఆశ్చర్యం వేసింది, నా తప్పు నా తెలుగులోనే ఉంది!

అదే వాక్యాన్ని తెలుగులో చెప్పి చూడండి. "మా కజిన్స్ రాసిన పాత ఉత్తరాల పెట్టె మంచం కింద ఉంది." ఇక్కడ అసలు పెద్దమనిషి పెట్టె. ఆ పెట్టె ఎలాంటిదో చెప్పే మాటలన్నీ దాని ముందు వరసగా నిలబడ్డాయి. "మా కజిన్స్ రాసిన", "పాత", "ఉత్తరాల", వీళ్ళంతా ఊరేగింపులో ముందు నడిచేవాళ్ళు. పల్లకిలో ఉన్నది చివర వచ్చే పెట్టె. తెలుగులో ఈ వరస మారదు. మామిడిపళ్ళ ధర, మా ఊరి చెరువు గట్టు, పక్కింటివాళ్ళ పిల్లల సైకిలు, ఎంత పొడుగు పేరైనా సరే, చివరి మాటే యజమాని. క్రియ దానితోనే పొత్తు కుదుర్చుకుంటుంది. అంచేత క్రియ ఏకవచనమో బహువచనమో తేల్చుకోవడానికి మన బుర్ర ఆ పేరులో చివరి మాటని చూడటానికి అలవాటు పడింది. తెలుగులో అది నూటికి నూరుపాళ్ళు సరైన అలవాటు.

ఇంగ్లీషులో ఊరేగింపు తిరగబడుతుంది. "ది బాక్స్" ముందు వచ్చి కూర్చుంటాడు. "ఆఫ్ ఓల్డ్ లెటర్స్", "ఫ్రమ్ మై కజిన్స్" అనే పరివారమంతా వెనక నడుస్తుంది. ఊరేగింపు చివర, క్రియ గుమ్మంలో నిలబడి ఉన్నది కజిన్స్. మనం పాత అలవాటు ప్రకారం ఆ చివరి మనిషికి దండ వేసేస్తాం. "కజిన్స్ ఆర్". అయిపోయింది, ఒక మార్కు పోయింది.

ఇది మన ఒక్కళ్ళ జబ్బే అనుకుని నొచ్చుకోకండి. ఇంగ్లీషు మాతృభాషగా ఉన్నవాళ్ళూ ఇక్కడే తడబడతారు. కేథరిన్ బాక్, కారల్ మిల్లర్ అనే పరిశోధకులు 1991లో ఈ తడబాటు మీద ఒక వ్యాసం ప్రచురించారు. వాక్యం మొదటి భాగం ఇచ్చి మిగతాది పూర్తిచెయ్యమని అడిగితే, అసలు కర్త ఏకవచనమై, పక్కన బహువచనం ఉన్నప్పుడు తప్పులు ఎక్కువగా దొర్లాయిట. దానికి తలకిందులుగా, కర్త బహువచనమై పక్కన ఏకవచనం ఉన్నప్పుడు తప్పులు చాలా తక్కువ. పరీక్ష తయారుచేసేవాళ్ళకి ఈ సంగతి బాగా తెలుసు. అందుకే పెట్టె ఒకటి, ఉత్తరాలు చాలా.

మా అమ్మాయి ఇక్కడ పుట్టి పెరిగింది కాబట్టి దాని తప్పు ఏ దారిన వచ్చిందో నేను చెప్పలేను. మందు మాత్రం ఇద్దరికీ ఒకటే. "ఆఫ్", "ఇన్", "ఫ్రమ్", "విత్" లాంటి మాట కనబడగానే అక్కణ్ణించి క్రియ దాకా పెన్సిలుతో కొట్టెయ్యడం. కామాల మధ్య ఉన్నదీ కొట్టెయ్యడం. మిగిలిన "ది బాక్స్ ఈజ్ అండర్ ది బెడ్" ఒకటో తరగతి పిల్లకి కూడా తెలుస్తుంది. ప్రోగ్రాములు రాసేవాళ్ళకి ఇది కొత్త కాదు, బ్రాకెట్లు మూసేసి బయట ఏం మిగిలిందో చూడటమే.

కొట్టివేతకి లొంగని ఒక గుంపుంది. సమ్, మోస్ట్, ఆల్, హాఫ్. వీటి తరవాత వచ్చే "ఆఫ్"ని మాత్రం కొట్టకూడదు, దాని వెనక ఏముందో చూడాలి. "మోస్ట్ ఆఫ్ ది లెటర్స్ ఆర్ టోర్న్", "మోస్ట్ ఆఫ్ ది హౌస్ ఈజ్ బర్న్ట్". ఉత్తరాల్లో చాలావరకు చిరిగిపోయాయి, ఇంట్లో చాలా భాగం కాలిపోయింది. తెలుగు దీనికీ సాయం వస్తోంది, చూడండి.

అలా సాయం వచ్చే చోట్లు ఇంకెన్ని ఉన్నాయా అని ఆ సాయంత్రం ఇద్దరం వెతకడం మొదలుపెట్టాం. చిక్కుడుకాయలు అలాగే ఉండిపోయాయి.

"ది మదర్, ఎలాంగ్ విత్ హర్ డాటర్స్, - - - కమింగ్." తల్లీ కూతుళ్ళూ అందరూ వస్తున్నారు కదా, "ఆర్" అనాలనిపిస్తుంది. తెలుగులో చెప్పండి: "కూతుళ్ళతో పాటు తల్లి వస్తోంది." వస్తోంది, వస్తున్నారు కాదు. "తల్లీ, కూతుళ్ళూ" అన్నప్పుడే "వస్తున్నారు". "తో పాటు" వచ్చినవాళ్ళు లెక్కలోకి రారు. ఇంగ్లీషులోనూ "అండ్" మాత్రమే కలుపుతుంది. "ఎలాంగ్ విత్", "యాజ్ వెల్ యాజ్" ఏవీ కలపవు. రెండు భాషలూ ఒకే మాట మీద ఉన్నాయి, మనమే వినిపించుకోలేదు.

"ది నంబర్ ఆఫ్ స్టూడెంట్స్" అంటే విద్యార్థుల సంఖ్య, పెరిగింది, ఏకవచనం. "ఎ నంబర్ ఆఫ్ స్టూడెంట్స్" అంటే చాలామంది విద్యార్థులు, వచ్చారు, బహువచనం. "రీడింగ్ ఓల్డ్ బుక్స్" అంటే పాత పుస్తకాలు చదవడం. చివరి మాట "చదవడం", కాబట్టి ఏకవచనం. పుస్తకాలు ఎన్నయినా ఉండనివ్వండి.

నాకు అన్నిటికన్నా నచ్చింది ఇంకోటి. "షీ ఈజ్ వన్ ఆఫ్ ది ఇంజనీర్స్ హూ - - - క్లీన్ కోడ్." ఇక్కడ "రైట్" రావాలా, "రైట్స్" రావాలా? ఇది పరీక్షల్లో పాత కాలం నుంచీ వస్తున్న ఉచ్చు. "వన్" ఉంది కాబట్టి రైట్స్ అని నేను జీవితమంతా రాశాను. తెలుగులో ఈ "హూ" అనేదే లేదు. మనం "ఆమె శుభ్రంగా కోడ్ రాసే ఇంజనీర్లలో ఒకరు" అంటాం. "రాసే" ఎవరి పక్కన నిలబడింది? ఇంజనీర్ల పక్కన. రాసేది ఇంజనీర్లు, వాళ్ళలో ఈమె ఒకరు. కాబట్టి బహువచనం, "రైట్". అదే "షీ ఈజ్ ది ఓన్లీ వన్ ఆఫ్ ది ఇంజనీర్స్ హూ" అని ఉంటే, "ఇంజనీర్లలో శుభ్రంగా కోడ్ రాసేది ఆమె ఒక్కతే" అవుతుంది. ఇప్పుడు రాసేది ఒక్కతే కాబట్టి "రైట్స్". మా అమ్మాయి ఆ రెండు వాక్యాలూ తన విరిగిన తెలుగులో నాలుగైదుసార్లు పైకి చెప్పుకుని, "ఓ, గాట్ ఇట్" అంది. తెలుగు దానికి ఒక పనికి ఉపయోగపడటం నేను చూడటం అదే మొదలు. నానమ్మతో ఫోనులో మాట్లాడటానికి తప్ప తెలుగు ఎందుకని అది అడిగిన రోజులున్నాయి.

అన్నిచోట్లా తెలుగుని నమ్ముకుంటే మాత్రం మునుగుతాం. "ప్రతి ఒక్కరూ వచ్చారు" అంటాం. "ఎవ్రీవన్ హావ్ కమ్" అనకూడదు, "హాజ్" అనాలి. "ఈచ్" కూడా అంతే. మనకి పాలు పొంగుతాయి, నీళ్ళు కాగుతాయి, బియ్యం అయిపోతాయి. అవన్నీ ఇంగ్లీషులో ఒంటరివి. ఇక్కడికి వచ్చిన కొత్తలో "మిల్క్ ఆర్ ఓవర్" అని రూమ్మేటుతో అన్నది నేనే. దానికి బదులుగా మన ప్యాంటు, కత్తెర ఒక్కొక్కటే, వాళ్ళకి బహువచనాలు. ఇక క్రికెట్టు ఉంది. రేడియోలో "ఇండియా ఆర్ టూ హండ్రెడ్ ఫర్ త్రీ" అని వింటూ పెరిగాం. అది బ్రిటిష్ అలవాటు. జట్టుని, ప్రభుత్వాన్ని మనుషుల గుంపుగా చూసి బహువచనం వాడతారు. అమెరికాలో జట్టు ఒకటే వస్తువు, "ది టీమ్ ఈజ్". ఎస్.ఎ.టి. అమెరికా వాళ్ళది కాబట్టి వాళ్ళ మాటే చెల్లుతుంది. "నైదర్ - నార్" సంగతి తెలుగులో చెప్పుకున్నా తేలదు. క్రియకి దగ్గరగా ఏది ఉంటే దానిదే లెక్క, బట్టీ పట్టేయడమే.

వచనాల గొడవ నాకు ఉద్యోగంలోనూ తగిలింది. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఫైళ్ళు తుడిచేసే ఒక ప్రోగ్రాము రాశాను. ఎన్ని తుడిచిందో చివర చెబుతుంది. ఒక్కటే తుడిచినప్పుడు తెర మీద "1 ఫైల్స్ వర్ డిలీటెడ్" అని వచ్చింది. టెస్టింగ్ చేసేవాళ్ళు దాన్ని దోషంగా నమోదు చేశారు. ప్రోగ్రాము పనిచేస్తోంది కదా అని నేను వాదించబోయి ఊరుకున్నాను. దిద్దబోతే సున్నా దగ్గర మళ్ళీ అనుమానం వచ్చింది. ఇంగ్లీషులో సున్నా బహువచనం, "జీరో ఫైల్స్". తరవాత తెలిసింది, ప్రపంచంలో చాలా భాషలకి ఇలాంటి వచనాల పట్టిక యూనికోడ్ సంస్థ దగ్గర ఉంది. దాని ప్రకారం ఇంగ్లీషుకీ తెలుగుకీ రెండేసి రూపాలు, జపనీసుకి ఒకటే, అరబ్బీకి ఆరు. అరబ్బీలో ఆ ప్రోగ్రాము రాయాల్సి రానందుకు ఇప్పటికీ సంతోషమే.

ఆ దోషం నవ్వుకోదగ్గది. ఇంకొకటి అంత తేలిగ్గా పోలేదు. 2008లో నేను రాసిన ఒక డిజైన్ పత్రాన్ని పై అధికారి సమావేశంలో తెర మీద పెట్టాడు. డిజైను మెచ్చుకున్నాడు. చివర, నవ్వుతూనే, "ఇకముందు పంపేముందు ఎవరిచేతనైనా ఒకసారి చదివించు" అన్నాడు. రెండో పేరాలో పసుపు రంగు గీత కింద "ది లిస్ట్ ఆఫ్ సర్వర్స్ ఆర్" అని ఉంది. అతనిది తప్పని అనను. కానీ ఆ రోజు నుంచీ నేను పొడుగు వాక్యం రాయడం మానేశాను. కర్త, క్రియ, ఫుల్‌స్టాపు. "నీ మెయిళ్ళు తంతి వార్తల్లా ఉంటాయి" అని మా ఆవిడ అంటుంది. పదహారేళ్ళు అలా గడిపాక, డైనింగ్ టేబుల్ దగ్గర ఆ పెట్టె వాక్యం విప్పుతుంటే, ఆ లిస్టూ ఈ పెట్టే ఒకటే అని అప్పుడు వెలిగింది. మా అమ్మాయికి ఈ సంగతి చెప్పాను. నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. "నీకెవరూ ఎందుకో చెప్పలేదా?" అని మాత్రం అడిగింది.

నిజానికి పొత్తు విషయంలో తెలుగు ముందు ఇంగ్లీషు చాలా చిన్నపిల్ల. వాళ్ళకి వర్తమానంలో ఒక ఎస్, తక్కిన చోట్ల యామ్-ఈజ్-ఆర్, వాజ్-వర్, హాజ్-హావ్. అంతటితో సరి. "వెంట్" అంటే ఎవరు వెళ్ళినా వెంటే. మనకి వెళ్ళాను, వెళ్ళావు, వెళ్ళాడు, వెళ్ళింది, వెళ్ళాం, వెళ్ళారు, వెళ్ళాయి. ఆడవాళ్ళు ఒక్కరుగా ఉంటే "వచ్చింది" అని చెట్లతో, పిల్లులతో కలుపుతాం, ఇద్దరయ్యేసరికి "వచ్చారు" అని మగవాళ్ళతో కలుపుతాం. ఇది న్యాయమా అని మా అమ్మాయి అడిగితే నా దగ్గర జవాబు లేదు. క్రియ లేని వాక్యంలో కూడా మనం ఊరుకోం. నేను తెలుగువాణ్ణి, నువ్వు తెలుగువాడివి, మేం తెలుగువాళ్ళం. పేరుకే తోక తగిలిస్తాం. ఒక్క "రాలేదు" దగ్గర మాత్రం, నేనైనా వాడైనా వాళ్ళైనా, మన భాషకి అలుపొచ్చినట్టుంది.

గౌరవానికి ఒక్కరినే బహువచనం చెయ్యడం మన సొంతం అనుకుంటాం. "యూ ఆర్" కూడా అదే బాపతు. "యూ" ఒకప్పుడు బహువచనమే. మర్యాద కోసం ఒక్కరికీ వాడగా వాడగా, ఒక్కరిని పిలిచే "దౌ" వాడుకలోంచి తప్పుకుంది. క్రియ మాత్రం పాత బహువచనంలోనే ఉండిపోయింది. మా అమ్మాయికి "మీరు" ఎందుకో అప్పుడు అర్థమైంది. నన్ను మాత్రం నువ్వనే అంటుంది.

వేసవిలో మా అమ్మ వచ్చింది. ఒకరోజు పొద్దున్న వంటింట్లోంచి మా అమ్మాయి కేక, "నానమ్మా, పాలు పొంగింది!"

"పొంగాయి" అంది మా అమ్మ పరుగున వస్తూ.

"గిన్నె ఒక్కటే కదా నానమ్మా, పాలు ఎందుకు ప్లూరల్?"

నేను హాల్లోంచి చెవి ఒగ్గాను. ఈ ప్రశ్నకి నా దగ్గర కొట్టివేతా లేదు, ఊరేగింపూ లేదు.

"ఒక పాలు ఎక్కడన్నా ఉంటుందే? ఉంటే చుక్క ఉంటుంది" అని మా అమ్మ పొయ్యి కట్టేసి, తుడవడానికి గుడ్డ అందుకుంది.